కథల హాల్లో ఆఖరి కథ

సభలు పెట్టే కుర్రాళ్ళకి ఒక మాట చెప్పి మొదలుపెడతాను. మైకు ఎవరి చేతికిచ్చినా నాకు అభ్యంతరం లేదు. కాని ఇచ్చేముందు దాన్ని వెనక్కి ఎలా తీసుకోవాలో ఆలోచించుకోండి. ఆ ఒక్క విద్య రాకపోవడం వల్ల నా సర్వీసంతా పళ్ళు నూరుకోవడంతోనే గడిచిపోయింది.

నేను బందరులో కథల హాలు మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. మేనేజరు అనగానే ఏసీ గది ఊహించుకోకండి. తాళం తియ్యడం, చాపలు పరిపించడం, ఫ్యాను తిరక్కపోతే ఎలక్ట్రీషియన్ని బతిమాలడం, ట్రస్టు ప్రెసిడెంటు గారు ఫోన్ చేస్తే లేచి నిలబడి మాట్లాడడం, ఇదీ ఆ ఉద్యోగం. ఇప్పటివాళ్ళకి అలాంటి హాలొకటి ఉండేదనే తెలియదు. "కథలు చెప్పడానికి హాలేంటి తాతగారూ?" అని మా అపార్ట్‌మెంటులో పిల్లలు అడుగుతారు. సినిమాకి హాలుండగా లేనిది కథకి ఉంటే తప్పా?

పోర్టు కళకళలాడిన రోజుల్లో ఒక బట్టల వ్యాపారి దాన్ని కట్టించాడని చెప్పుకునేవారు. టేకు స్తంభాలు, మద్రాసు మిద్దె, రెండు వైపులా నిలువెత్తు కిటికీలు. ముందు నడుమెత్తు గద్దె, దాని మీద ఒక పీట. అంతే. అక్కడ చెప్పేది పీటకథ. పిట్టకథ కాదు, రెండూ కలిపెయ్యకండి. హరికథలో లాగా గజ్జెలు, చిడతలు ఉండవు. బుర్రకథలో లాగా పక్కన వంత పాడేవాళ్ళు ఉండరు. మనిషి ఒక్కడే పీట మీద కూర్చుంటాడు, చేతిలో మడిచిన కండువా. ఎడమకి తిరిగితే మామగారు, కుడికి తిరిగితే అల్లుడు. ఆ కండువాయే గొడుగు, అదే చంటిపిల్ల, అదే పులుసులో ముక్క. కథ అయ్యేదాకా పీట మీంచి లేవకూడదు. కూర్చున్నచోటునుంచే జనాన్ని పొట్ట పట్టుకుని నవ్వేలా చెయ్యాలి. మైకు లేకుండా గుసగుసగా అన్న మాట కూడా వెనక చాప దాకా వినపడేది. హాలు అలా కట్టారు మరి.

పూటకి మూడు కథలు. జనం వచ్చి సర్దుకునే లోపల ముందు కథ. తర్వాత నడిమి కథ. ఆ తర్వాత పెద్దవాళ్ళు చెప్పే ఆఖరి కథ. ఆఖరి కథ అయ్యాక ఆ పూట ఇంకెవరూ పీట ఎక్కరు. చెప్పినాయన గుమ్మంలో నిలబడితే, మిగతా కథలవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి "కథ బాగుంది" అని చెప్పి మెట్లు దిగాలి. జీవితంలో ఒక్కసారైనా అలా అనిపించుకున్నవాళ్ళనే కథకులంటారు. శిష్యుల్ని చేర్చుకునే అధికారం వాళ్ళకే. మిగతావాళ్ళు ఎన్నేళ్ళు చెప్పినా నేర్చుకుంటున్నవాళ్ళ కిందే లెక్క.

నేను రిటైరయ్యే నాటికి కథలు చెప్పేవాళ్ళు ఇద్దరే మిగిలారు, నడిమి కథ లేకుండా పోయింది. ఒకరు గుడివాడ నుంచి వచ్చే గురువుగారు. అందరూ గురువుగారనే అనేవాళ్ళు గాని ఆయనకి శిష్యుడంటూ ఒక్కడూ నిలవలేదు. ఆయన నోటికి జడిసి పారిపోయేవాళ్ళు. కథ మాత్రం, ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన కథ చెబుతుంటే నేను ఫోన్లు ఎత్తేవాణ్ణి కాదు.

రెండో మనిషి పెడన ఆవిడ. వాళ్ళది కలంకారీ అచ్చులు వేసే ఇల్లు. మేనమామ దగ్గర కథ నేర్చుకుంది. ఆడవాళ్ళు పీటెక్కడమే విడ్డూరంగా చూసే రోజుల్లో ఆ మేనమామే ఎక్కించాడు. తన వంతుకి వచ్చే ఆఖరి కథల్లో ఒకటి మేనకోడలికి ఇద్దామనుకుంటూనే పోయాడు. అప్పటినుంచీ ఆవిడ ముందు కథే చెబుతోంది. జుట్టు నెరిసింది, అయినా ముందు కథే. పెడనలో ముగ్గురు ఆడపిల్లలు కథ నేర్పమని ఆవిడ వెంట పడుతున్నారు. ఆవిడ నేర్పదు. "నేనింకా కథకురాల్ని కాదు కదమ్మా, నేనెలా నేర్పుతాను?" అని పంపించేస్తుంది. మీకిది మొండితనంలా కనపడచ్చు. నాకూ అలాగే కనపడి చాలాసార్లు కోప్పడ్డాను. ఆవిడ వినలేదు.

ఇలా ఉండగా తుపాను వానలకి హాలు వెనక గోడ బీటలిచ్చింది. మున్సిపాలిటీ ఇంజనీరు గారొకరు వచ్చి సుత్తితో అక్కడా ఇక్కడా కొట్టి చూసి, కింద దూలాలు పుచ్చిపోయాయి, జనాన్ని కూర్చోబెట్టడానికి వీల్లేదు, మూసెయ్యాల్సిందే అన్నారు. ప్రెసిడెంటు గారు కాళ్ళావేళ్ళా పడితే, ఒక్క వీడ్కోలు సభకి ఒప్పుకున్నారు. ఆ రోజు భోజనాలయ్యాక తనే వచ్చి తాళం వేసి సీలు పెడతానన్నారు.

అంటే ఆ హాల్లో ఆఖరి కథ ఇంకొక్కటే ఉంది. అది పెడన ఆవిడకి దక్కకపోతే ఇంక ఎప్పటికీ దక్కదు. ఆ ముగ్గురు పిల్లలూ ఏ డాన్సు క్లాసుకో పోతారు. పీటకథ గుడివాడ గురువుగారితో సరి. ఇంత చిన్న విషయం నాకు అర్థమై, మిగతా అందరికీ అర్థం కాకపోవడం ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

గుడివాడ వెళ్ళి గురువుగారిని కలిశాను. ఆయన పడక్కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నారు.

"ఆ రోజు ఆఖరి కథ పెడన అమ్మాయికి ఇవ్వండి గురువుగారూ," అన్నాను.

"ఆవిడ అడగమందా?"

"లేదండీ. ఆవిడ చస్తే అడగదు. నేనే వచ్చాను."

"ఆఖరి కథ అడిగి తీసుకునేది కాదయ్యా మేనేజరూ. పెద్దవాళ్ళు చూసి ఇచ్చేది."

"అయితే చూసి ఇవ్వండి."

"దానికో వేళ రావాలి."

"హాలే మూతపడుతుంటే ఇంకే వేళ వస్తుందండీ?" గొంతు పెంచేశాను.

ఆయన గ్లాసు కింద పెట్టి నా వైపు చూశారు. "హాలు మూతపడుతోంది కాబట్టే అడుగుతున్నావు. మూతపడుతోంది కాబట్టే నేను ఇవ్వను. ఆ పీట మీద నేను ముసలివాణ్ణయ్యానయ్యా. దాని మీద చివరి మాట నాది కాకుండా ఇంకెవరిదో అయితే, నేను ఇంట్లో పడి ఏడవాల్సిందే."

పైగా ఆయన ఇంకో షరతు పెట్టారు. ఆఖరి కథ భోజనాల తర్వాత పెట్టాలట. ఆకలితో మాడుతున్న జనానికి పెద్ద కథ చెప్పకూడదట. మన వైపు భోజనాలయ్యాక సభలో ఎవరుంటారండీ, వంటపాత్రలు తప్ప? ఆ మాటే అన్నాను. "నా కథకి ఉంటారు," అన్నారు. ఆయనకి చెప్పేవాడెవడు?

తిరిగొచ్చి ప్రెసిడెంటు గారితో పోరుపెట్టుకున్నాను. ఆయన బియ్యం మిల్లు యజమాని, చాలా మంచివారు, ఎవరికీ కాదని చెప్పలేరు. వచ్చిన చిక్కంతా అదే. "గురువుగారిని కాదని ఎలాగండీ? పోనీ ఆవిడ ముందు కథ బ్రహ్మాండంగా చెబుతుంది కదా. పొద్దున్నే పెట్టేద్దాం. సభంటారా, ఎంతసేపండీ, పావుగంట. మొక్కుబడికి," అన్నారు.

మొక్కుబడికి అన్న ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు బీపీ లేస్తుంది.

ఆ రోజు పొద్దున్న హాలు నిండింది. కోడూరు నుంచి, అవనిగడ్డ నుంచి, పెడన నుంచి జనం బస్సుల్లో వచ్చారు. అటు తోట్లవల్లూరు నుంచి కూడా వచ్చారు. ఒకప్పుడు తాతల చేతులు పట్టుకుని కథలు విన్నవాళ్ళు ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని చాపల మీద కూర్చున్నారు. పెడన ఆవిడ పీట మీద కూర్చుని, కండువా మడిచి ఒళ్ళో పెట్టుకుని, గొంతు సవరించుకుంది. హాలు సద్దుమణిగింది. ఆవిడ నోరు తెరవబోతోంది.

బయట కార్ల హారన్లు.

"ఆగమ్మా, ఆగమ్మా, అతిథులు వచ్చేశారు," అంటూ ప్రెసిడెంటు గారు పరుగెత్తుకొచ్చారు. ఆయన వెనకే టెంట్ హౌస్ వాళ్ళు సోఫాలు మోసుకొచ్చి గద్దె మీదకి ఎక్కించారు. పీటని మూలకి తోసేశారు. ఆవిడ కండువా పట్టుకుని కిందికి దిగి స్తంభం పక్కన నిలబడింది. నేను ప్రెసిడెంటు గారి చెయ్యి పట్టుకుని, "సార్, కథ మొదలవబోతోంది," అన్నాను. "అతిథుల్ని కింద కూర్చోబెడతామాండీ, బాగుంటుందా?" అన్నారాయన.

ఇక మొదలైంది. ఫలానా వారిని వేదికనలంకరించవలసిందిగా కోరుతున్నాం. ఫలానా వారిని సాదరంగా ఆహ్వానిస్తున్నాం. ఒకరిని పిలిస్తే పక్కవాళ్ళకి కోపం, పక్కవాళ్ళని పిలిస్తే వెనకవాళ్ళకి కోపం. గద్దె కిర్రుమంటోంది. అది చూసి ఇంజనీరు గారికి ముచ్చెమటలు పోశాయి. తాళం, సీలు సామాను సంచీలో పెట్టుకుని ఆయన వెనక ఎక్కడో కూర్చున్నారు, పాపం. లేచి గద్దె దగ్గరికొచ్చి, "సార్, ఇంక ఎవర్నీ ఎక్కించకండి, కింద దూలం ఆగదు," అని ప్రెసిడెంటు గారి చెవిలో చెప్పారు. ప్రెసిడెంటు గారు తల ఊపి, మైకులో, "మన ఇంజనీరు గారిని కూడా వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన ఎక్కక తప్పలేదు. హాలు మూసెయ్యడానికొచ్చిన మనిషికి శాలువా కప్పి ఫొటో తీశారు.

తర్వాత విజయవాడ నుంచి వచ్చిన ప్రొఫెసరు గారికి మైకిచ్చారు. ఆయన జపాను వెళ్ళొచ్చారట. టోక్యోలో మన హాలు లాంటిదే ఒక పాత హాలుందట. అక్కడ చిన్న పరుపు మీద మోకాళ్ళు మడిచి కూర్చుని ఒక్క మనిషే నవ్వుల కథ చెబుతాడట. చేతిలో విసనకర్ర, చేతిగుడ్డ, అంతే. ఆ విసనకర్రతోనే నూడుల్స్ తింటాడట. కుర్రవాళ్ళు ముందు చెబుతారట, పెద్దవాళ్ళు ఆఖర్న చెబుతారట. ఆఖర్న చెప్పడమంటే అక్కడ మహా గౌరవమట.

నేను స్తంభానికి ఆనుకుని నిలబడి వింటున్నాను. ఒళ్ళు మండిపోతోంది. ఇక్కడా అంతే కదయ్యా మహానుభావా, ఆ చెప్పే మనిషి నీకు పది అడుగుల దూరంలో నిలబడి ఉంది, నువ్వు కూర్చుంటే ఆవిడ చెబుతుంది, మేం వింటాం. పైకి అనలేకపోయాను. ఆ హాలు తాలూకు బొమ్మలు చూపిస్తానని ఆయన లాప్‌టాప్ తీశారు. లాప్‌టాప్‌కీ ప్రొజెక్టరుకీ పొంతన కుదర్లేదు. ముగ్గురు గద్దె మీద వంగి తీగలు పీకారు, పెట్టారు. గోడ మీద నీలం రంగు తప్ప ఏమీ రాలేదు. చివరికి ఆయన, "వాళ్ళు తమ కళని ఎంత శ్రద్ధగా కాపాడుకుంటున్నారో చూస్తే కళ్ళు చెమరుస్తాయి," అన్నారు. నాకూ చెమర్చాయి, కోపంతో.

ఉండబట్టలేక ఒక చీటీ రాసి పంపాను. దయచేసి సమయం చూడండి, కథ మిగిలి ఉంది అని. ప్రెసిడెంటు గారు చదివి, చిరునవ్వు నవ్వి, మైకు అందుకుని, "మా మేనేజరు గారు సమయం గురించి గుర్తు చేశారు. నిజంగా సమయమనేది ఎంత విలువైందో," అంటూ సమయం మీద ఒక ఉపన్యాసం మొదలుపెట్టారు. ఇంక చీటీ రాస్తే ఒట్టు.

గురువుగారూ మాట్లాడారు. ఆఖరి కథ అంటే ఏమిటి, దాన్ని ఎలా చెప్పాలి, తాను ఈ రోజు చెప్పబోయే కథ ఎంత గొప్పది, ఇవన్నీ వివరంగా చెప్పారు. ఆ టైములో సగంలో కథే చెప్పెయ్యచ్చు.

చివరికి శాలువాలు అయిపోయాయి, అంటే నిజంగానే స్టాకు అయిపోయింది. ఇద్దరికి కప్పిన శాలువాలే తీసి ఇంకో ఇద్దరికి కప్పారు. అప్పుడు ప్రెసిడెంటు గారు, "ఇప్పుడు పెడన నుంచి వచ్చిన సోదరి ముందు కథ చెబుతారు," అన్నారు. అమ్మయ్య అనుకున్నాను. ఆవిడ పీట దగ్గరికి నడిచింది. నేను ఊపిరి పీల్చుకుంటున్నాను. ప్రెసిడెంటు గారు ఇంకా మైకు వదల్లేదు.

"ఒక ముఖ్య గమనిక," అన్నారు. "భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. వేడివేడిగా వడ్డిస్తున్నారు. తొందరేం లేదు, కథ విన్నాకైనా వెళ్ళచ్చు."

కృష్ణా జిల్లాలో భోజనాలు సిద్ధం అన్నాక, తొందరేం లేదన్న మాట వినపడుతుందాండీ? చాపల మీంచి మనుషులు లేచిన చప్పుడు వాన మొదలైనట్టు వినపడింది. ముందు వెనకవాళ్ళు, తర్వాత పక్కవాళ్ళు, ఆ తర్వాత వేదిక మీది అతిథులు. ప్రొఫెసరు గారు లాప్‌టాప్ సంచీలో పెట్టుకుంటూ, "గుత్తివంకాయ వాసనేనా?" అని అడుగుతూ వెళ్ళారు.

నేను ప్రెసిడెంటు గారిని గుమ్మంలో పట్టుకున్నాను. "ఏం చేశారండీ? ఆవిడ పీటెక్కే టైముకి భోజనాలని చెబుతారా?"

"ఆకలితో ఉన్నవాళ్ళని కూర్చోబెడితే మనూరి పరువేం కావాలండీ?" అన్నారు. మనసారా అన్నారు. ఆ మనిషి మీద కోపం కూడా తెచ్చుకోలేం, అదే నా ఖర్మ.

వెనక్కి తిరిగి చూస్తే హాల్లో నలుగురం ఉన్నాం. పీట పక్కన ఆవిడ. మోకాళ్ళ నొప్పులతో లేవలేక ఉండిపోయిన కోడూరు ముసలమ్మ ఒకావిడ. నేను. ఇంకా, ఇంజనీరు గారు. ఆయనకి సుగరు, బయటి తిండి తినరు. శాలువా భుజాన వేసుకుని, చాప మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ విప్పుతున్నారు.

"అన్నయ్యగారూ, చెప్పమంటారా?" అని ఆవిడ నన్ను అడిగింది.

"చెప్పమ్మా," అన్నాను. సోఫాని నేనే ఒక పక్కకి లాగాను. ఆవిడ పీట మీద కూర్చుంది.

కథ చిన్నదే. ఇద్దరు వియ్యంకులు. ఏటి రేవు. పడవ సిద్ధంగా ఉంది. ఆవిడ ఎడమకి తిరిగి, "మీరు ఎక్కండి బావగారూ," అంది. కుడికి తిరిగి, "అబ్బే, మీరుండగా నేను ముందా, మీరు ఎక్కండి," అంది. మగపెళ్ళివారు కాబట్టి మీరు. వయసులో పెద్దవారు కాబట్టి మీరు. మా ఊరికి వస్తున్నారు కాబట్టి మీరు. వీళ్ళ మర్యాదలు తేలేలోగా పడవ వెళ్ళిపోయింది. ఇంకో పడవ వచ్చింది. మళ్ళీ అదే వరస. ఎడమవైపు వియ్యంకుడిలో అచ్చంగా మా ప్రెసిడెంటు గారు కనపడ్డారు, ఆ తల ఊపడం, ఆ చేతులు జోడించడం. కుడివైపు ఆయన మాటిమాటికీ "నేను కాశీ వెళ్ళినప్పుడు" అంటాడు. ఆ వియ్యంకుడెవరో నేను చెప్పక్కర్లేదు. పొద్దుట్నించీ స్తంభం పక్కన నిలబడి ఆవిడ ఊరికే లేదన్నమాట.

కోడూరు ముసలమ్మ మొదట కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత కొంగు తీసేసింది. ఇంజనీరు గారికి పెరుగన్నం ముద్ద గొంతుకి అడ్డం పడింది. ఆయన దగ్గుతూ నవ్వుతూ, నవ్వుతూ దగ్గుతూ ఉంటే, ఏమైందో అని కిటికీలోంచి ఎవరో తొంగి చూశారు. చూసినవాళ్ళు వెళ్ళలేదు. కాసేపటికి రెండు వైపులా కిటికీల నిండా మొహాలు, మొహాల కింద ప్లేట్లు. తింటూ వింటున్నారు. వినడంలో పడి తినడం మానేశారు. పులిహోర కిటికీ ఊచల్లోంచి లోపలికి రాలుతోంది, ఎవరికీ పట్టలేదు.

ఆఖరి పడవ అన్నాక ఇద్దరు వియ్యంకులూ ఒకరినొకరు ముందుకి తోసుకున్నారు. ఆ తోపులాటలో ఇద్దరూ పడవలో పడ్డారు, పడవవాడు నీళ్ళలో పడ్డాడు. గడ వాడి చేతిలోనే ఉండిపోయింది. పడవ వీళ్ళిద్దరితో సముద్రం వైపు కొట్టుకుపోతోంది. ఒడ్డున జనం కనపడుతున్నారు, కేకేస్తే వచ్చి కాపాడతారు. ఆవిడ ఎడమకి తిరిగింది. "మీరు కేకెయ్యండి బావగారూ." కుడికి తిరిగింది. "అబ్బే, మీ గొంతు ముందు నా గొంతెంత? మీరు వెయ్యండి."

హాలు దద్దరిల్లింది. ఆ హాలు నవ్వితే ఎలా ఉంటుందో నేను మరిచిపోయి చాలా ఏళ్ళయింది. ప్రెసిడెంటు గారు కిటికీ దగ్గర నిలబడి అందరికంటే ఎక్కువ నవ్వారు. తనని చూసే చెప్పిందని ఆయనకి తట్టలేదు. గురువుగారు మాత్రం అక్కడ లేరు. పంక్తిలో ముందు కూర్చుని భోంచేసి, ఎదురుగా లాడ్జీలో నడుం వాల్చారు. భోజనం తర్వాత ఒక కునుకు తీస్తే గాని ఆయన పీటెక్కరు.

నేను ముందే చెప్పానా, చెప్పలేదా? చేతులు కడుక్కున్న జనం తిరిగి హాలు వైపు చూడలేదు. కోడూరు వాళ్ళు బస్సుకి, పెడన వాళ్ళు ఆటోలకి, అతిథులు కార్లకి. ప్రెసిడెంటు గారు వాళ్ళని సాగనంపుతూ మిల్లు దాకా వెళ్ళిపోయారు. టెంట్ హౌస్ వాళ్ళు సోఫాలు, కుర్చీలు లారీ ఎక్కించారు. చాపలు నేనే చుట్టించాను. కోడూరు ముసలమ్మని ఇద్దరు పట్టుకుని బస్సు దాకా తీసుకెళ్ళారు. పెడన ఆవిడ వరండాలో నిలబడింది.

ఇంజనీరు గారు తాళం తీసుకుని వచ్చారు. గుమ్మం దగ్గర ఆగి నన్ను అడిగారు. "ఇంకేమన్నా ప్రోగ్రాం ఉందాండీ? ఉంటే చెప్పండి, కాసేపు కూర్చుంటాను. నాకూ వినాలనే ఉంది."

అన్నేళ్ళలో నన్నొకరు ఏం చెయ్యమంటారని అడగడం అదే మొదటిసారి. లాడ్జీ మేడ మీద గురువుగారు పడుకున్న గది కనపడుతూనే ఉంది. ఒక కేక వేస్తే లేస్తారు. ఆ ముసలాయన ఇంట్లో పడి ఏడుస్తానన్నది నాకు గుర్తుంది. పెడనలో ఎదురుచూసే పిల్లలూ గుర్తున్నారు. న్యాయం ఎటుందో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. కాని పొద్దుట్నించీ అందరూ మాట్లాడుతుంటే నేను నోరుమూసుకుని నిలబడ్డాను. ఒక్క మాట నాకూ దక్కాలనిపించింది.

"ఏం లేదండీ. ఆఖరి కథ అయిపోయింది," అన్నాను.

"అన్నయ్యగారూ," పెడన ఆవిడ కంగారుగా ముందుకొచ్చింది. "గుడివాడ బాబాయ్ గారి కథ ఉంది కదండీ."

"నువ్వు ఊరుకోమ్మా," అన్నాను. కసిరానంటే నిజం. నిజాయితీ చూపించడానికి ఆవిడకి అదే సమయం దొరికింది. ఇంజనీరు గారు ఆవిడ వైపు, నా వైపు చూశారు. ఆయనకి ఏం అర్థమైందో, తాళం వేశారు. లక్క కరిగించి సీలు వేశారు. ఆవిడకి నమస్కారం పెట్టి, జీపెక్కి వెళ్ళిపోయారు.

ఆ జీపు మలుపు తిరిగిందో లేదో గురువుగారు వచ్చారు. మొహం కడుక్కుని, విభూతి పెట్టుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని, కండువా మడిచి పట్టుకుని వచ్చారు. సీలు చూసి ఆగిపోయారు.

"తాళం తియ్యి మేనేజరూ."

"నా చేతిలో లేదండీ."

"నా కథ ఉండగా మూసెయ్యమన్నదెవరు?"

"నేనేనండీ. ఆఖరి కథ అయిపోయిందని చెప్పాను."

ఆయన నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. పడ్డాను. పడాల్సినవే. చివరికి పెడన ఆవిడే అడ్డొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఇది లెక్కలోకి రాదు బాబాయ్ గారూ. నేను చెప్పింది ముందు కథే. అన్నయ్యగారు కోపంలో అలా అనేశారు," అంది.

గురువుగారు సీలు మీద చెయ్యి పెట్టి చూశారు. "ఈ హాల్లో ఇంకెవరన్నా కథ చెబుతారా?" అని అడిగారు.

"లేదండీ," అన్నాను.

"అలాంటప్పుడు ముందు కథ ఎలా అవుతుంది?" ఆయన ఆవిడ వైపు తిరిగారు. "నువ్వు గుమ్మంలో నిలబడ్డావు. నేను వచ్చి కథ బాగుందని చెప్పి మెట్లు దిగాలి. అంతేనా?"

ఆవిడ తల వంచుకుంది.

"చెప్పను," అన్నారు.

నాకు నెత్తురు నెత్తికెక్కింది. ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"నేను లాడ్జీలో పడుకున్నానయ్యా. కథ వినలేదు. వినని కథని బాగుందని నేను నా జన్మలో అనలేదు."

కూర్చోవడానికి కుర్చీ కోసం చుట్టూ చూశారు. టెంట్ హౌస్ లారీ వెళ్ళిపోయి చాలాసేపయింది. ఆవిడని గుమ్మానికి ఆనుకుని పైన కూర్చోమని సైగ చేశారు. ఇస్త్రీ పంచె ఎత్తి పట్టుకుని, కింది మెట్టు మీద కూర్చుని, ఆవిడ వైపు తిరిగారు.

"చెప్పమ్మా. వింటాను."